కుర్చీ వద్దన్న మార్తమ్మ

ఈ ఢిల్లీలో జుట్టు తెల్లబడ్డ మనిషి కనిపిస్తే చాలు, కూర్చోబెట్టడానికి ప్రతివాడూ తయారు. మెట్రోలో "ఆంటీజీ బైఠియే". బ్యాంకులో "ఆంటీజీ బైఠియే". మొన్న పార్కులో నడుద్దామని వెళ్తే అక్కడా బెంచీ మీంచి ఒకాయన లేచి "ఆంటీజీ బైఠియే" అన్నాడు. నడవడానికి వచ్చానయ్యా బాబూ! కూర్చోవాలంటే మా ఇంట్లో సోఫా లేదా? పైగా ఆయనకి నాకంటే పెద్ద పొట్ట.

సరే, నా గొడవ ఎప్పుడూ ఉండేదే. మార్తమ్మ సంగతి చెప్పాలి. ఆ ప్లాస్టిక్ కుర్చీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మార్తమ్మ జనక్‌పురిలో మా పై ఫ్లాటులో ఉంటుంది. నేను తెలుగు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆవిడ పెద్ద గవర్నమెంటు ఆసుపత్రిలో ఎముకల వార్డు సిస్టరుగా చేసి రిటైరయింది. మాది తెనాలి పక్క, ఆవిడది రేపల్లె పక్క. ఢిల్లీలో ఆ మాత్రం చుట్టరికం చాలదూ? నేను కొబ్బరికాయ కొట్టే మనిషిని, ఆవిడ ఆదివారం చర్చికెళ్ళే మనిషి. మా ఇంట్లో పులిహోర పైకి వెళ్తుంది, వాళ్ళింట్లో క్రిస్మస్ అరిసెలు కిందికి వస్తాయి. గిన్నెలు మాత్రం ఎవరివి ఎవరివో మాకే తెలియదు.

మేం ఈ ఫ్లాటులోకి వచ్చిన కొత్తలో గ్యాసు బండవాడు సిలిండరు కింద గేటు దగ్గర పడేసి పోయాడు. నేను దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాను. తెల్లచీర కట్టుకున్న ఒకావిడ, అప్పుడే నైట్ డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, చెప్పులు పక్కన విడిచి, కొంగు దోపి, ఆ బండని మెట్టు తర్వాత మెట్టు ఎక్కించి మా గుమ్మం ముందు నిలబెట్టింది. "తెలుగువాళ్ళా? టీ పెట్టండి మరి," అంది. అదీ మా పరిచయం.

పొలం పనులు చేసుకునేవాళ్ళ పిల్ల. మిషన్ హాస్టల్లో చదివింది, మిషన్ ఆసుపత్రిలోనే నర్సు ట్రైనింగు. ఉద్యోగం వచ్చి ఢిల్లీలో రైలు దిగినప్పుడు ఆవిడకి వచ్చిన హిందీ "పానీ" ఒక్కటే. ఆ ఒక్క మాటతోనే ఎముకల వార్డులో కాలుపెట్టింది. పహిల్వానుల్లాంటి పేషెంట్లని పక్కకి తిప్పి దుప్పటి మార్చేది. భర్త ఆమోసుగారు పోస్టాఫీసులో చేసేవారు. నెమ్మదైన మనిషి, పోయి చాలా కాలమైంది. కొడుకు నథానియేలుని ఒంటిచేత్తో పెంచింది. కోడలు అనుగ్రహ కూడా నర్సే, గుర్‌గావ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెద్ద నర్సు. నర్సు కోడలొచ్చిందని మార్తమ్మ మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఒక ఇంట్లో ఇద్దరు నర్సులుంటే ఇంక భయమేంటి అనుకున్నాం.

ఆ ఇద్దరు నర్సులే కొంపముంచారు.

వాళ్ళ చర్చిలో పొద్దున హిందీ ఆరాధన, మధ్యాహ్నం తెలుగు ఆరాధన. బెంచీల ముందు ఖాళీలో దరీ పరుచుకుని తెలుగు ఆడవాళ్ళు కిందే కూర్చుంటారు. కోస్తా ఊళ్ళలో చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. కిందటి వానాకాలంలో ఒక ఆదివారం ప్రార్థన బాగా సాగిందట. అంతసేపూ మోకాళ్ళ మీద ఉండి, లేవబోతే చీర అంచు కాలికింద పడి మార్తమ్మ పక్కకి ఒరిగి పడింది. అంతే! మోచెయ్యి గీరుకుంది, తుంటి కాస్త కమిలింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. డాక్టరు చూసి, "ఎముకలు బాగున్నాయి ఆంటీ, నడుస్తూ ఉండండి, జాగ్రత్త," అన్నాడు.

"నడుస్తూ ఉండండి" అన్న మాట ఆ గదిలోనే ఉండిపోయింది. "జాగ్రత్త" ఒక్కటే ఇంటికొచ్చింది.

సంఘం వాట్సాప్‌లో "మార్తమ్మగారు పడిపోయారు, ప్రార్థించండి" అని పెట్టారు. మునిర్కా నుంచి ఒకళ్ళు, ఘజియాబాద్ నుంచి ఒకళ్ళు యాపిల్ పళ్ళు పట్టుకుని దిగారు. వచ్చిన ప్రతివాళ్ళూ వాళ్ళ మేనత్తో, పక్కింటావిడో ఇలాగే పడి, తుంటి విరిగి, మంచమెక్కి, పోయిన కథ చెప్పి వెళ్ళారు. మనిషిని పరామర్శించడానికి వచ్చి చావు కబుర్లు చెప్పే అలవాటు మనకెందుకో నాకు అర్థం కాదు. యాపిల్ పళ్ళు మాత్రం బాగున్నాయి.

తర్వాత అనుగ్రహ రంగంలోకి దిగింది. వాళ్ళ ఆసుపత్రిలో పడిపోయే ప్రమాదమున్న పేషెంటు చేతికి పసుపు పట్టీ కడతారట. పేషెంటు కిందపడితే నర్సుని నిలబెట్టి ప్రశ్నలు వేస్తారట. ఆ భయమంతా మోసుకొచ్చి ఇంట్లో పెట్టింది. మంచానికి పక్క కమ్మీ వచ్చింది. గదిలోకి కమోడు కుర్చీ వచ్చింది. నొక్కితే మోగే గంట వచ్చింది. వంటింట్లోకి వెళ్ళకూడదు, బాల్కనీలో బట్టలు ఆరెయ్యకూడదు, మెట్లు అసలే దిగకూడదు.

నేను చిక్కుడుకాయ కూర పట్టుకుని వెళ్తే, పొద్దున పదకొండింటికి, బయట బంగారంలాంటి ఎండ, మార్తమ్మ మంచం మీద కమ్మీ వెనకాల పడుకుని ఉంది.

"ఏంటి మార్తమ్మా, ఉయ్యాల వేయించుకున్నారా? జోల పాడమంటారా?"

నవ్వలేదు. "దింపకండి టీచరమ్మా ఆ కమ్మీ. కాళ్ళలో బలం లేదు. లేస్తే పడతానేమోనని గుండె దడ."

"పదిరోజులు పడుకుంటే నా కాళ్ళలోనూ బలం ఉండదు. లేవండి."

లేచింది. గోడ పట్టుకుంది. గోడ అయిపోయాక తలుపు పట్టుకుంది. తలుపు దగ్గర్నుంచి డైనింగ్ టేబుల్ దాకా మధ్యలో ఖాళీ ఉంది చూశారూ, నాలుగడుగులు కూడా ఉండదు, అక్కడ నిలబడిపోయింది. సిలిండరుని మెట్లెక్కించిన మనిషి! నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

"ఇదంతా ఎవరు నేర్పారు మీకు?"

"నేర్పడమేంటి? వార్డులో నేను చేసిందే కదా," అంది. ఆ మాట అంటుంటే మొహంలో పాత సిస్టరు దర్జా వచ్చింది. "నా డ్యూటీలో ఒక్క పేషెంటు మంచం మీంచి పడలేదు, తెలుసా? కమ్మీలు ఎత్తిపెట్టేదాన్ని. ముసలాళ్ళు లేస్తామంటే కళ్ళెర్రజేసేదాన్ని. మేట్రన్‌గారు అందరి ముందూ మెచ్చుకున్నారు."

"బాగుంది. మరి వాళ్ళందరూ నడుచుకుంటూ ఇంటికెళ్ళారా?"

బళ్ళో పిల్లలని అడిగినట్టు అడిగేశాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. మార్తమ్మ కూర గిన్నె మీద మూత తీసింది, పెట్టింది.

"కొంతమంది చక్రాల కుర్చీలో వెళ్ళారు," అంది చివరికి. "చెయ్యి విరిగి నడుచుకుంటూ వచ్చినవాళ్ళు కూడా. పడలేదు కదా అనుకున్నాం. అంతకంటే చూడలేదు."

ఆ మాట విన్నాక ఆవిణ్ణి ఏమీ అనాలనిపించలేదు. కానీ నా కోపం ఎక్కడో పెట్టాలి కదా, ఆ కమ్మీ మీద పెట్టి ధడాలున కిందికి దించాను.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. వాళ్ళ చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. అందరూ లేచి ముందుకెళ్ళి, అక్కడి చెక్క కమ్మీ దగ్గర మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. మార్తమ్మ పడ్డాక అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, ఒక ఏర్పాటు చేశారు. పెద్దవాళ్ళకి వెనక ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలు. రొట్టె, రసం కుర్చీ దగ్గరికే వస్తాయి, లేవక్కర్లేదు. అందరూ ఆహా అన్నారు. మార్తమ్మ ఒక నెల అలాగే తీసుకుని ఇంటికొచ్చి మొహం గోడకి తిప్పుకుని పడుకుంది.

"మోకాళ్ళ మీద తీసుకోకపోతే నాకు తీసుకున్నట్టే లేదు టీచరమ్మా. బాప్తిస్మం పుచ్చుకున్నప్పటి నుంచీ అలాగే తీసుకున్నాను. నైట్ డ్యూటీ చేసి కళ్ళు మూతలు పడుతున్నా, ఆమోసుగారు పోయిన నెలలో కూడా, వెళ్ళి మోకరించాను. ఇప్పుడు ఆసుపత్రిలో మందు ట్రే వచ్చినట్టు వస్తోంది నా దగ్గరికి."

"అయ్యగారితో చెప్పలేదా?"

"చెప్పాను. దేవుడు హృదయాన్ని చూస్తాడమ్మా అన్నారు. చూస్తాడు, సరే. మోకాళ్ళు ఎవరు చేశారట?"

ఆహా! ఆ మాటతో నాకు మళ్ళీ పాత మార్తమ్మ కనిపించింది. "మీరు మోకరించాలి, లేవాలి. అంతే కదా? రేపట్నుంచి బడి," అన్నాను.

నాకు వచ్చిన వ్యాయామమంతా బడి శిక్షలే. ఒంటికాలి మీద నిలబడటం, గుంజీలు తీయడం, గోడకుర్చీ వేయడం. అల్లరి పిల్లలకి వేసే శిక్షలన్నీ ముసలాళ్ళకి కావాల్సినవేనని అప్పుడు తెలిసింది నాకు. అనుగ్రహ డ్యూటీకి వెళ్ళగానే మా బడి మొదలు. వంటింటి గట్టు పట్టుకుని మార్తమ్మ ఒంటికాలి మీద నిలబడేది, పక్కన నేనూ నిలబడేదాన్ని. ఆవిడకంటే నేనే ముందు ఊగిపోయేదాన్ని. గోడకి ఆనించిన కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, కూర్చోవడం. వరండాలో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గీశాను. గెంతలేదు లెండి, అంత పిచ్చి లేదు నాకు. ఆ గీత మీద మడమకి కాలివేలు ఆనించి అడుగులో అడుగు వేసి నడిచాం. పక్క ఫ్లాటు పంజాబీ ఆవిడ తొంగి చూసి, "దీదీ, పాగల్ హో గయీ క్యా?" అంది, పిచ్చి పట్టిందా అని. "హా జీ, ఆప్ భీ ఆవో," మీరూ రండి అన్నాను. రాలేదు.

కింద కూర్చుని లేవడం మాత్రం నాకు నేర్పడం చేతకాలేదు. అది ఆవిడే నాకు నేర్పింది. పాత పరుపు కింద పరిచి చూపించింది. పక్కకి తిరగాలి, చేతులూ మోకాళ్ళ మీదికి రావాలి, కుర్చీ దాకా పాకాలి, చేతులు కుర్చీ మీద ఆనించాలి, ఒక పాదం ముందుకి వేసి ఆ కాలి మీద బరువు పెట్టి లేవాలి. "ట్రైనింగులో ఇదంతా చెప్పారు టీచరమ్మా. వార్డులో ఒక్కళ్ళకైనా నేర్పే తీరిక ఏదీ? కమ్మీ ఎత్తడం ఒక్క క్షణం పని."

ఒకరోజు అడుగులో అడుగు వేస్తూ వరండాలోంచి గదిలోకి వస్తూ మార్తమ్మ తూలింది. నేను పట్టుకునేలోపే ఆ పరుపు మీద చతికిలపడింది. అనుగ్రహ మొహం, తుంటి విరిగిన మేనత్తలందరి మొహాలూ కళ్ళముందు తిరిగాయి. మార్తమ్మ తుంటి తడుముకుంది, మోచెయ్యి తడుముకుంది. తర్వాత పక్కకి తిరిగి, చేతులూ మోకాళ్ళ మీద పాకి, కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

"ఇంతేనా?" అంది. "ఇన్నాళ్ళూ దీనికా నేను మంచం దిగనిది?"

ఆ తర్వాత ఆవిడ గోడ పట్టుకోవడం నేను చూడలేదు.

అనుగ్రహ చూసింది మాత్రం మమ్మల్నిద్దర్నీ ఒంటికాళ్ళ మీద. డ్యూటీ మారి తొందరగా వచ్చిందట. హ్యాండ్‌బ్యాగు కింద పడేసి అరిచింది.

"ఆంటీ! ఏం చేస్తున్నారు మీరు? అత్తయ్య పడితే? హిప్ విరిగితే ఎవరు చూస్తారు? మీరు చూస్తారా?"

"చూస్తాను. నువ్వు చూస్తున్నట్టు మంచానికి కట్టేసి మాత్రం చూడను."

"నేను కట్టేశానా? ఎంత మాటన్నారు ఆంటీ! రోజూ ఆసుపత్రిలో చూస్తున్నాను నేను. పడి వచ్చిన పెద్దవాళ్ళలో ఎంతమంది మళ్ళీ ఇంటికెళ్తారో మీకేం తెలుసు?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయిది దొంగ ప్రేమ కాదు. అదే నా బాధ. దొంగ ప్రేమైతే తిట్టి ఊరుకోవచ్చు. ఇంత ప్రేమతో ఒక మనిషి కాళ్ళని ఎండబెడుతుంటే ఏమని తిట్టాలి?

అప్పుడు మార్తమ్మ కాలు కింద పెట్టింది. పాత వార్డు సిస్టరు గొంతు వినిపించింది. "అనుగ్రహా, అరవకు. నువ్వూ నేనూ నర్సులం. మనకి పేషెంటు పడటం ఒక్కటే కనబడుతుంది. నేను పేషెంటుని కాను. నీ అత్తని. చూడు."

గబగబా కాదు, నిదానంగా, పరుపు మీద కూర్చుంది. పడుకుంది. పక్కకి తిరిగి లేచింది. అనుగ్రహ చేతులు రెండూ ముందుకొచ్చి గాల్లో ఆగిపోయాయి.

"నేను లేనప్పుడు చెయ్యకండి," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. "చర్చిలో మాత్రం వద్దు. అక్కడ కమ్మీ దాకా వెళ్ళే దారిలో పట్టుకోవడానికేం ఉండదు. అందరూ ఉంటారు. కుర్చీలోనే తీసుకోండి. ప్లీజ్ అత్తయ్యా."

మార్తమ్మ పరుపు చుట్టి పక్కన పెట్టింది.

డిసెంబరు మొదటి ఆదివారం నన్నూ రమ్మంది. వెళ్ళాను, వెనక బెంచీలో కూర్చున్నాను. నా ముందు వరసలోనే ఆ ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో స్వెట్టర్లు, శాలువాలు, తలకి మఫ్లర్లు. చెట్టంత మనుషుల్ని సామాన్లలా సర్దిపెట్టారు. ఎవరు పెద్దవాళ్ళు అన్నది ఎవరు తేల్చారో! ఒకాయన ప్రతి ఆదివారం ఉత్తమ్ నగర్ నుంచి సైకిలు మీద వస్తాడట, ఆయన్నీ కూర్చోబెట్టారు.

పాట మొదలైంది. అందరూ వరసగా ముందుకెళ్ళి మోకరించి వస్తున్నారు. అయ్యగారు పళ్ళెం పట్టుకుని మెట్టు దిగి కుర్చీల వైపు నడిచారు. మార్తమ్మ దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యగారూ, మీరు వెనక్కి వెళ్ళండి. నేనే వస్తాను."

"అమ్మా, పర్వాలేదు, మీకు శ్రమ..."

"శ్రమ నాకు కదా. వెళ్ళండి నాయనా."

పాపం ఆయన నథానియేలు వైపు చూశాడు, నథానియేలు పెళ్ళాం వైపు చూశాడు, అనుగ్రహ నా వైపు చూసింది. నేను మాత్రం పైన ఫ్యాను వైపు చూశాను, చలికాలంలో తిరక్కపోయినా సరే.

మార్తమ్మ కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచింది. మధ్య దారిలో నడిచింది. అటూ ఇటూ బెంచీల్లోంచి చేతులు లేస్తున్నాయి, ఆపద వస్తే పట్టుకుందామని. ఆ చేతుల్ని ఒక్కొక్కటీ కొట్టెయ్యాలనిపించింది నాకు. అనుగ్రహ ఉండబట్టలేక లేచి వెనకాలే వెళ్ళింది. కమ్మీ దగ్గర ఆగి, ఒక చెయ్యి దాని మీద వేసి, ఒక మోకాలు, తర్వాత రెండోది, మార్తమ్మ కిందికి దిగింది. పక్కనే కాపలాగా అనుగ్రహ కూడా దిగింది.

టప్ మని చప్పుడైంది. నా ప్రాణం పోయింది. అందరూ ఉలిక్కిపడ్డారు.

అత్తది కాదు, కోడలి మోకాలు అది.

మార్తమ్మ రొట్టె తీసుకుంది. చిన్న గిన్నెలో ద్రాక్షరసం తాగింది. తల వంచుకుని చాలాసేపు అలాగే ఉంది. పాటలో ఆఖరి చరణం అయిపోయింది. పాడేవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ అదే చరణం ఎత్తుకున్నారు. అప్పుడు పాదం ముందుకి వేసి, కమ్మీ మీద చెయ్యి ఆనించి, ఒకసారి ఊగి, నిలదొక్కుకుని లేచింది. అనుగ్రహ ఇంకా కిందే ఉంది. రోజంతా వార్డులో నిలబడి, కారులో వెళ్ళి కారులో వచ్చి, కింద కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆ పిల్ల! రెండు చేతులతో కమ్మీ గట్టిగా పట్టుకుని పళ్ళ బిగువున లేవబోతోంది.

మార్తమ్మ చెయ్యి ఇవ్వలేదు. "పక్కకి తిరుగు. ముందు ఒక పాదం వెయ్యి. దాని మీద బరువు పెట్టు," అని నెమ్మదిగా చెప్తోంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే నథానియేలు కారు గుమ్మం దాకా తెచ్చాడు. అయ్యగారు దగ్గరికొచ్చి, "అమ్మా, క్రిస్మస్‌కి మీకోసం ముందు ఒక మెత్తటి సోఫా వేయిస్తాను," అన్నారు. చూశారా! కళ్ళముందు జరిగింది చూసి కూడా సోఫా! నేను నోరు తెరిచేలోపు మార్తమ్మే అంది.

"సోఫా వద్దు అయ్యగారూ. ఆ కుర్చీలు తీసేసి అక్కడ కూడా దరీ పరిపించండి. లేవలేనివాళ్ళు ఆరాధన అయ్యాక కాసేపు ఉంటే నేను నేర్పుతాను. మా కోడలు కూడా వస్తుంది, తనకే ముందు కావాలి."

"అత్తయ్యా!" అంది అనుగ్రహ, మోకాలు రుద్దుకుంటూ.

"అత్తయ్య లేదు, ఏం లేదు. కారులో కూర్చో, కాళ్ళు నొప్పిగా ఉన్నట్టున్నాయి. టీచరమ్మా, మనం గేటు దాకా నడుద్దాం పదండి."